బియ్యానికైతే ఒకే కుటుంబం!

స్వలింగ జంటలకు పెళ్లి హక్కా? పార్లమెంటు చూసుకోవాలి, మా చేతుల్లో లేదంది సుప్రీంకోర్టు, 2023 అక్టోబరు 17న.

మొదట తలుపు తట్టిన వారిలో హైదరాబాద్ జంట ఉంది. ఇదంతా నగరాల్లోని పైతరగతి వాళ్ల గోల అని కేంద్రం వాదించింది.

ఏడాది తిరక్కుండానే అదే కేంద్రం రాష్ట్రాలకు ఉత్తరం రాసింది: ఇలాంటి జంటలను రేషన్ కార్డుకు ఒకే కుటుంబంగా చూడండి!

పైతరగతికి రేషన్ బియ్యం. బాగుంది.

పురోహితుడు కలపలేకపోయినా పౌరసరఫరాల శాఖ కలిపింది. తలంబ్రాలు తూకం వేసి ఇస్తారన్నమాట.

బ్యాంకులో ఉమ్మడి ఖాతా కూడా తెరవొచ్చట. మహాప్రసాదం! పక్కింటి పిన్నిగారితో కలిసి తెరుస్తామన్నా బ్యాంకు ఏనాడూ కాదనలేదు లెండి.

2025 జనవరిలో ఆ తీర్పుపై వేసిన రివ్యూ పిటిషన్లూ కొట్టేశారు.

ఇంట్లో మాత్రం సంసారం శాస్త్రోక్తంగానే సాగుతోంది. పాలు పొంగించిందెవరు, గ్యాస్ బుక్ చేయనిదెవరు, మీ అమ్మ ఫోన్లో ఏమంది... పొద్దున్నే మొదలు.

విసిగి విడాకులకు వెళ్దామంటే, పెళ్లేదీ అంటారు.

మీసేవలో కార్డు నుంచి పేరు తీయించుకోవడమొకటే దారి.