రూల్ రాకముందే కంగారు, వచ్చాక కునుకు: ఒక గైడ్

అమెరికా ఫెడరల్ ప్రభుత్వం ఎప్పుడు ఏ రూల్ మారుస్తుందోనని హెచ్‌-1బి ఉద్యోగ వీసా మీద ఉన్నవాళ్లు అక్కడ, వాళ్ల తల్లిదండ్రులు ఇక్కడ గుంటూరులోనూ కరీంనగర్‌లోనూ నిద్ర పాడుచేసుకుంటూ ఉంటారు. ఆ నిద్రలేమిని ఒక పద్ధతి ప్రకారం కొనసాగించాలనుకునేవారి కోసమే ఈ గైడ్. ముందుగా ఒక అడ్డంకి ఉంది. ఆ దేశంలో రూల్స్ తయారయ్యే తీరు చాలావరకు బహిరంగమే. ఫెడరల్ రిజిస్టర్ అనే గెజిట్ 1936 మార్చి నుంచి ప్రతి పనిదినమూ వెలువడుతోంది. 1946 నాటి అడ్మినిస్ట్రేటివ్ ప్రొసీజర్ యాక్ట్ ప్రకారం ఏ శాఖైనా సాధారణంగా ముందు ప్రతిపాదనను అచ్చు వేయాలి, జనం రాసి పంపింది తీసుకోవాలి, అందులోని ముఖ్యమైన అభ్యంతరాలకు జవాబు చెప్పాలి, ఆ తర్వాతే ఫైనల్ రూల్ తేవాలి. ఇంట్లో కూర్చుని ఇదంతా చూసుకోవడానికి 2003 నుంచి రెగ్యులేషన్స్ డాట్ గవ్ ఉంది, పైసా ఖర్చు లేదు. ఇంత తెరిచిపెట్టిన తలుపు కంటపడకుండా ఉండాలంటే కొంత సాధన కావాలి. అదృష్టవశాత్తూ కాగితాల గుట్ట మనకు సాయం చేస్తుంది. 2024లో రిజిస్టర్ లక్ష పేజీలు దాటింది, ఆ ఏడాది ఫైనల్ రూల్సే మూడు వేల పైమాట. చేపల వేట కోటాలు, విమాన ఇంజన్ల తనిఖీలు, పడవల కోసం వంతెన పైకెత్తే వేళలు, వాటి మధ్యలో ఎక్కడో మన వీసా. ఈ గుట్టలో దారి తప్పడానికి గుర్తుంచుకోవాల్సిన సూత్రం ఒక్కటే: ఏమీ చేయలేని దశలో అన్నీ చేయండి, ఏదైనా చేయగలిగే దశలో ఏమీ చేయకండి.

మొదట యూనిఫైడ్ అజెండాను వేదవాక్కులా నమ్మండి. రాబోయే నెలల్లో ఏయే రూల్స్ మీద పనిచేయాలనుకుంటున్నాయో శాఖలన్నీ ఏడాదికి రెండుసార్లు, వసంతంలో ఒకటి, శరత్తులో ఒకటి, ఇందులో ప్రకటిస్తాయి. 2025 వసంతం అజెండా సెప్టెంబర్ 4న విడుదలైందంటే అందులోని గడువులకు ఉండే కచ్చితత్వం ఎంతో మీకు అర్థమై ఉంటుంది. ఒక్కో అంశానికీ ఒక గుర్తింపు నంబరు, ఒక శీర్షిక, ఏ దశలో ఉందన్న మాట, దాని కింద ఒక తేదీ ఉంటాయి. ఆ తేదీ 02/00/2018 అన్నట్టుగా ఉంటుంది. నెల ఉంది, సంవత్సరం ఉంది, రోజు ఉండాల్సిన చోట రెండు సున్నాలు. ఆ సున్నాలను చూడకండి, చూస్తే నమ్మకం సడలుతుంది. ఇది ఊహించి రాసిన తేదీ కాదు. హెచ్‌-4 వీసా మీద ఉన్న కొందరు జీవిత భాగస్వాములకు 2015లో వచ్చిన ఉద్యోగ అనుమతిని తీసేయాలన్న ప్రతిపాదన 2017 చివర్లో 1615-ఏసీ15 అనే నంబరుతో అజెండాకెక్కినప్పుడు దానికి వేసిన గడువు ఇదే, 2018 ఫిబ్రవరి. ఫిబ్రవరి వచ్చింది, వెళ్లింది. గడువు జరుగుతూ జరుగుతూ 2019 దాటింది, 2020 కూడా దాటింది. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. ఈలోపు ఎన్ని ఇళ్లలో కొత్త ఉద్యోగం వద్దనుకున్నారో, ఇల్లు కొనడం వాయిదా వేసుకున్నారో ఏ అజెండాలోనూ నమోదు కాదు. రాని రూల్ కూడా పనిచేయగలదని నిరూపించింది ఇలాంటి ఎంట్రీలే.

రెండో మెట్టు ఒయిరా. వైట్‌హౌస్ బడ్జెట్ ఆఫీసులో 1980 చట్టంతో ఏర్పడిన ఈ చిన్న విభాగం, 1993లో క్లింటన్ ఇచ్చిన ఎగ్జిక్యూటివ్ ఆర్డర్ ప్రకారం, ముఖ్యమైన రూల్స్‌ను అచ్చుకు ముందు పరిశీలిస్తుంది. మామూలు గడువు తొంభై రోజులు, కావాలంటే పొడిగించుకోవచ్చు. ఈ దశలో రూల్ పాఠం బయటివారెవరికీ కనపడదు. కాబట్టి మీరు ఏం చెప్పినా కాదనేవారుండరు. 'రివ్యూకి వెళ్లింది' అన్న ఒక్క వాక్యాన్ని 'రద్దు ఖాయం' అని మార్చి కాలేజీ గ్రూపు, ఊరి గ్రూపు, కమ్యూనిటీ గ్రూపు మూడింట్లోనూ ఫార్వర్డ్ చేయండి. హెచ్‌-4 ప్రతిపాదన 2019 ఫిబ్రవరిలో ఒయిరాకు చేరింది. దాదాపు రెండేళ్లు అక్కడే ఉండి, 2021 జనవరిలో కొత్త ప్రభుత్వం రాగానే వెనక్కి వెళ్లిపోయింది. అచ్చయిన ప్రతిపాదనగా కూడా ఎన్నడూ బయటికి రాలేదు. రద్దయిందని ఫార్వర్డ్ చేసినవాళ్లు, రద్దు ఆలోచనే రద్దయిందని మళ్లీ ఫార్వర్డ్ చేసిన దాఖలాలు తక్కువ.

మూడో మెట్టు అన్నిటికన్నా సులువు. ప్రతిపాదన నిజంగానే రిజిస్టర్‌లో అచ్చయిన రోజున అలసిపోయి పడుకోండి. అప్పుడు మొదలయ్యేది కామెంట్ గడువు, సాధారణంగా ముప్పై నుంచి అరవై రోజులు. ఆ పత్రం మొదటి పేజీలోనే యాక్షన్, సమ్మరీ, డేట్స్ అని మూడు చోట్ల మీకు కావలసిందంతా ఉంటుంది. ఇది ప్రతిపాదనా, ఫైనల్ రూలా, ఏం మారుతోంది, ఎప్పటిలోగా రాయాలి. పది నిమిషాల పని కాబట్టి దానికి ఎవరికీ తీరిక దొరకదు. రాసి ఏం లాభం, వాళ్లు చేసేది చేస్తారు కదా అని మీరు అడగవచ్చు. ఈ ప్రశ్నే మన గైడ్‌కు ప్రాణం, కానీ సాక్ష్యం దానికి ఎదురు తిరుగుతోంది. 2023 అక్టోబర్‌లో వచ్చిన హెచ్‌-1బి ఆధునికీకరణ ప్రతిపాదనలో, ప్రత్యేక నైపుణ్యం చూపని బిజినెస్ అడ్మినిస్ట్రేషన్ లాంటి జనరల్ డిగ్రీ సరిపోదన్న వాక్యం ఒకటుంది. దాని మీద కామెంట్లు వచ్చాయి. 2024 డిసెంబర్ నాటి ఫైనల్ రూల్‌లో ఆ డిగ్రీ పేరు తీసేశారు. పైగా చదువుకూ ఉద్యోగానికీ తార్కికమైన సంబంధం ఉంటే చాలునని వివరించారు. ఎంబీఏ చేసినవాళ్లకు ఇది చిన్న విషయం కాదు. ఒకవేళ మీకు రాయాలన్న దుర్బుద్ధి పుడితే, అందరూ పంపే ఒకే ఉత్తరాన్ని పేరు మార్చి పంపండి. 2017లో నెట్ న్యూట్రాలిటీ అనే ఇంటర్నెట్ నిబంధనల రద్దు ప్రతిపాదన మీద రెండు కోట్ల ఇరవై లక్షలకు పైగా కామెంట్లు వస్తే, వాటిలో సుమారు కోటీ ఎనభై లక్షలు బూటకమని న్యూయార్క్ అటార్నీ జనరల్ తేల్చారు. ఒక్క కాలేజీ కుర్రవాడే 77 లక్షలు పంపాడు. అంత పంపినా ఫలితం తారుమారు కాలేదు, ఎందుకంటే శాఖ జవాబు చెప్పాల్సింది కారణానికి, తలల లెక్కకు కాదు. మీ ఉద్యోగంలో ఆ వాక్యం ఎక్కడ తగులుతుందో చెప్పే ఒక్క పేజీకి ఆ లక్షలకు లేని బరువు ఉంటుంది. కాబట్టి ఆ పేజీ రాయకుండా జాగ్రత్తపడండి.

ఇదంతా అటార్నీల పని, మామూలు జనం ఇవన్నీ చూస్తూ కూర్చుంటే ఉద్యోగాలెవరు చేస్తారన్నది గట్టి అభ్యంతరమే. మూడు వేల రూల్స్‌ను వెంటాడమంటే అది నిజంగానే అన్యాయం. కానీ అక్కరపడేది మూడు వేలు కాదు, ఒకటి రెండు. ప్రతి రూల్‌కూ ఉండే గుర్తింపు నంబరు అజెండా నుంచి ఫైనల్ రూల్ దాకా మారదు. ఆ నంబరు రాసిపెట్టుకుంటే ఎంత దూరం వచ్చిందో ఎవరినీ అడగక్కర్లేదు. ఇక అటార్నీ సంగతి. కంపెనీ అటార్నీ చూసేది కంపెనీ ప్రయోజనం. హెచ్‌-1బి లాటరీ ఫీజు పది డాలర్ల నుంచి 215కు పెరిగితే కంపెనీ లెక్క వేసుకుంటుంది, భార్య ఉద్యోగ అనుమతి పత్రం (ఈఏడీ) రెన్యువల్ ఆగితే ఆ లెక్క వేసుకోవాల్సింది ఇంట్లోవాళ్లే. ఎవరి బరువు వారు మోస్తున్నప్పుడు ఎవరి కళ్లతో వారే చూడటం మంచిదన్న మాట ఒప్పుకోక తప్పదు. కానీ అలా ఒప్పుకుంటే మన గైడ్ ఏమైపోవాలి?

అసలైన అభ్యంతరం మరొకటుంది. ముందు చెప్పకుండానే వచ్చే వాటి మాటేమిటి? 2025 అక్టోబర్ 30న రిజిస్టర్‌లో వచ్చిన ఇంటరిమ్ ఫైనల్ రూల్ ఈఏడీ రెన్యువల్స్‌కు ఉన్న ఆటోమేటిక్ పొడిగింపును ఆ రోజు నుంచే ఎత్తేసింది. ముందు అమలు, తర్వాత కామెంట్లు. అంతకుముందు సెప్టెంబర్ 19న లక్ష డాలర్ల హెచ్‌-1బి ఫీజు రూల్‌గా కూడా రాలేదు, అధ్యక్షుడి ప్రొక్లమేషన్‌గా వచ్చింది. అందులోని మాట అస్పష్టంగా ఉండటంతో విమానమెక్కినవాళ్లు దిగిపోయారు, సెలవు మీద ఇండియా వచ్చినవాళ్లు తిరుగు టికెట్ల కోసం పరుగెత్తారు. ఇకపై వేసే కొత్త పిటిషన్లకే అది వర్తిస్తుందన్న వివరణ మర్నాడు వచ్చింది. ఇలాంటి చోట రిజిస్టర్ చదివే అలవాటు ఎవరినీ కాపాడదు, ఆ కంగారును తప్పుపట్టలేం కూడా. అయినా ఈ మినహాయింపులే పద్ధతి విలువను బయటపెడతాయి. 2020 అక్టోబర్ 8న లేబర్ శాఖ విదేశీ ఉద్యోగులకు ఇవ్వాల్సిన కనీస వేతన స్థాయిలు పెంచే రూల్‌ను కరోనా నిరుద్యోగం పేరు చెప్పి కామెంట్లు లేకుండానే అదే రోజు అమల్లోకి తెచ్చింది. అంత అత్యవసరమైతే అన్ని నెలలు ఎందుకు ఆగారన్న ప్రశ్న కోర్టులో ఎదురైంది. డిసెంబర్ 1న కాలిఫోర్నియాలోని ఫెడరల్ కోర్టు దాన్ని కొట్టేసింది. జనాన్ని అడగకపోవడమే అక్కడ నేరమైంది. అడిగినప్పుడు మనం పలకకపోతే, అడగలేదని రేపు ఫిర్యాదు చేసే నోటికి బలం ఎక్కడిది?

కాబట్టి ఈ గైడ్ పాటించాలా వద్దా అన్నది మీ ఇష్టం. పాటించకూడదనుకుంటే చేయాల్సింది కొద్దిగానే ఉంది. అజెండాలో పేరు చూసి ఉద్యోగం మానొద్దు, ఇల్లు అమ్మొద్దు. ఒయిరాకు వెళ్లిందన్న ఫార్వర్డ్ వస్తే నంబరు అడగండి. ప్రతిపాదన అచ్చయిన రోజున మాత్రం నిద్ర లేవండి, డేట్స్ అన్న చోట ఉన్న ఆఖరు తేదీని క్యాలెండర్‌లో వేసుకోండి, సొంత మాటల్లో ఒక పేజీ రాసి పంపండి.