నా కంటికి కన్ను ఆనించినవాళ్లు

నేను పుట్టింది అంబాలాలో. హర్యానాలోని ఆ ఊళ్లో మైక్రోస్కోపులు తయారుచేసే చిన్నా పెద్దా కార్ఖానాలు చాలా ఉన్నాయి. కటకాలు బిగించి, చెక్కపెట్టెలో సర్ది నన్ను హైదరాబాదు పంపారు. కోఠీలో సర్జికల్ సామాన్ల దుకాణంలో, అద్దాల బీరువాలో కొన్నాళ్లు ఉన్నాను. నన్ను కొనుక్కోవడానికి వచ్చినావిడది వరంగల్. ఇంగ్లండులో ఒక ఆస్పత్రి ల్యాబ్‌లో పనిచేస్తుంది. సెలవులకు ఇంటికొచ్చి, తిరుగు ప్రయాణానికి ముందు నాకోసం వెతుక్కుంటూ వచ్చింది.

"కింద అద్దం అమరేది కావాలి," అంది.

"అద్దందా మేడం? ఇప్పుడు కాలేజీ పిల్లలు కూడా ఎల్‌ఈడీవే అడుగుతున్నారు."

"ఎల్‌ఈడీ కూడా ఉండనీయండి. అది వెలగని రోజున అద్దం పెట్టుకునే వీలుండాలి. కరెంటు ఉంటుందో ఉండదో తెలియని ఊరికి తీసుకెళ్తున్నాను."

ఆయన లోపలికెళ్లి, ఒకవైపు చదునుగా, మరోవైపు పుటాకారంగా ఉన్న చిన్న అద్దం తెచ్చి, తుడిచి నా పెట్టెలో పెట్టాడు.

ఆ ఊరు మలావిలో ఉంది. ఆఫ్రికా ఖండపు ఆగ్నేయాన, దాదాపు 580 కిలోమీటర్ల పొడవున్న మలావి సరస్సును ఒళ్లో పెట్టుకున్న దేశం అది. మేం దిగింది సరస్సు దక్షిణ కొసన, మంగోచి జిల్లాలో. ఒడ్డు పొడుగునా వెదురు పందిళ్ల మీద ఉసిపా అనే చిన్నచేపలు ఎండుతుంటాయి. బావోబాబ్ చెట్ల నీడన ఆరోగ్య కేంద్రం, దానికి కూతవేటు దూరంలో బడి. ఆమెతో వచ్చిన బృందంలో డాక్టర్లు, నర్సులు, ఇద్దరు టీచర్లు, కొందరు విద్యార్థులు ఉన్నారు. అందరూ సొంత డబ్బుతో, సొంత సెలవులు పెట్టుకుని వచ్చినవాళ్లే. తెల్లవారకముందే మామిడిచెట్టు కింద బారులు తీరేవారు. పసిబిడ్డల్ని చితెంజె గుడ్డతో వీపుకి కట్టుకుని, కొండ అవతల నుంచి నడిచొచ్చిన తల్లులు. ఆ శిబిరం ఉన్నన్నాళ్లూ నాకు ఊపిరాడలేదు. ఒక స్లైడు తీస్తే ఇంకో స్లైడు.

అయితే నాలోంచి చూసిన కళ్లన్నీ విమానంలో వచ్చినవే. బృందం బండి ఎక్కిన సాయంత్రమే నా మీద గుడ్డ కప్పి స్టోరు గదిలో పెట్టారు. అక్కడ నాకు తోటివాళ్లు దొరికారు. 110 వోల్టుల మీద నడిచే యంత్రం ఒకటి, 230 వోల్టులున్న దేశానికి వచ్చి మూల కూర్చుంది. ఇంకోదానికి కావలసిన రసాయనం ఆ దేశంలో అమ్మరు. మంచి మనసుతో పంపినవే అన్నీ. పంపినవాళ్ల ఊళ్ల పేర్లు వాటి మీద ఇంకా అంటుకునే ఉన్నాయి. వానలు మొదలయ్యాయి. మలావిలో నవంబరు నుంచి ఏప్రిల్ దాకా వానలు, వాటి వెంటే మలేరియా. గోడకి అవతల బిడ్డల ఏడుపు వినబడుతోంది. చూడగలిగిన నేను చీకట్లో ఉన్నాను. నా బతుకులో అంత బాధ మరెప్పుడూ పడలేదు.

ఆ కేంద్రంలో పేర్లు రాసే కుర్రాడొకడు అప్పుడప్పుడూ వచ్చి గుడ్డ తీసేవాడు. స్లైడు లేకుండానే కిటికీ వైపు తిప్పి, కన్ను ఆనించి చూసేవాడు. ఆమె దగ్గర అతని ఫోను నంబరుంది. వాళ్లిద్దరూ ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు కానీ, తరువాతి వానలకి ముందే ఆమె మళ్లీ వచ్చింది. ఈసారి ఒంటరిగా, జీతంలేని సెలవు మీద.

"తమ్ముడూ, ఈసారి నేను చూడను. నువ్వు చూడు, నేను పక్కన కూర్చుంటాను."

"నాకు వస్తుందా అమాయీ?" అక్కడ అమ్మని అలాగే పిలుస్తారు.

"చేతులు కడుక్కుని రా."

పాఠం నీళ్లతో మొదలైంది. గీమ్సా రంగు కలిపే నీరు సరిగ్గా లేకపోతే ఎంత మంచి కన్నయినా మోసపోతుంది. పీహెచ్ 7.2 దగ్గర ఉండాలి. ఆమ్లం ఎక్కువైతే స్లైడంతా ఎర్రబారి, మలేరియా క్రిమి కనబడకుండా పోతుంది. ఊరి బోరు నీటితో కలిపి చూపించింది, తరువాత బఫర్ బిళ్ల వేసిన నీటితో కలిపి చూపించింది. అతను రెండు స్లైడులూ నా కింద మార్చి మార్చి పెట్టి చాలాసేపు చూశాడు. ఆ తరువాత వేలి కొసన బొట్టు రక్తం తీయడం, ఒకే స్లైడు మీద దళసరి పూత ఒకటి, పలచటి పూత ఒకటి వేయడం. పలచటిదాన్ని మాత్రమే మిథనాల్‌లో ముంచాలి. దళసరిదాన్ని ముంచకూడదు, అందులోని ఎర్రకణాలు నీటికి పగిలి పోవాలి. నూనె చుక్క వేసి నా నూరు రెట్ల కటకాన్ని దించడం అతనికి కష్టమైంది. దించేటప్పుడు పక్కనుంచి చూడాలి, పైకి తెచ్చేటప్పుడే కంటితో చూడాలి. స్లైడులు పగిలాయి. ఆమె ఒక్కసారీ అతని చేతిలోంచి నన్ను లాక్కోలేదు. శిబిరాలకు వచ్చిన గొప్ప గొప్ప వైద్యుల్ని చూశాను, కానీ ఆ ఓర్పే నాకు అన్నిటికంటే పెద్ద సేవగా కనబడింది.

క్రిమి కనబడని స్లైడుని "లేదు" అని రాసేముందు కనీసం వంద చోట్ల చూడమంది. కనబడితే లెక్కపెట్టమంది. రెండు వందల తెల్లకణాలు లెక్కించేలోపు ఎన్ని క్రిములు వచ్చాయో చూసి, దాన్ని 40తో హెచ్చిస్తే ఒక మైక్రోలీటరు రక్తంలో ఎన్ని ఉన్నాయో సుమారుగా తేలుతుంది. వేలికి గుచ్చి పావుగంటలో తేల్చే కిట్లు అక్కడా ఉన్నాయి, రోజువారీ పని వాటితోనే సాగుతుంది. కానీ మందు వేసుకుని క్రిములు చచ్చాక కూడా ఆ కిట్టు వారాల తరబడి "ఉంది" అనే చెప్పవచ్చు. జ్వరం మళ్లీ వచ్చిన బిడ్డకి అది పాత మలేరియా జాడో, మందుకి లొంగనిదో తేల్చాలంటే నా దగ్గరికే రావాలి.

ఒక మధ్యాహ్నం, అతను తొలిసారి తనంతట తాను ఫాల్సిపేరం అనే మలేరియా క్రిమి రింగుల్ని పట్టుకున్నప్పుడు ఆమె సికింద్రాబాదు సంగతి చెప్పింది. 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ అక్కడే దోమ పొట్టలో మలేరియా క్రిమిని కనిపెట్టాడు. పంకా వేస్తే కోసి పెట్టుకున్న దోమలు ఎగిరిపోతాయని ఆ ఉక్కలోనే కూర్చున్నాడట. చెమటకి మైక్రోస్కోపు మరలు తుప్పు పట్టాయి, మిగిలిన ఒక్క కటకమూ బీటలు వారింది. దోమల చేత కుట్టించుకోవడానికి ఒప్పుకున్న హుసేన్ ఖాన్ అనే రోగికి దోమకి ఒక అణా చొప్పున ఇచ్చాడు. కుర్రాడు రాస్ గురించి ఏమీ అడగలేదు. "ఆ హుసేన్ ఖాన్‌కి నయమైందా?" అని అడిగాడు. ఆమె కాసేపు మాట్లాడలేదు. నాకైతే ఆ బీటలు వారిన కటకం మీదే మనసు పోయింది. అది మా వంశంవాడే.

2022 జనవరిలో అనా తుఫాను వచ్చింది. షీరే నది మీద కపిచిరా జలవిద్యుత్కేంద్రం దెబ్బతిని, దేశపు కరెంటులో దాదాపు మూడో వంతు పోయింది. మా కేంద్రంలో ఎప్పుడు వెలుగుంటుందో ఎప్పుడు ఉండదో చెప్పలేని రోజులు. కుర్రాడు పెట్టె తెరిచి అద్దం తీశాడు. సూర్యుడి వైపు తిప్పితే కన్ను పోతుందని ఆమె చెప్పింది. అందుకే కిటికీ బయటి తెల్లటి ఆకాశం వైపు తిప్పాడు. కోఠీ దుకాణం నుంచి తెచ్చిన ఆ చిన్న అద్దంతో ఆ వానాకాలమంతా పనిచేశాం.

ఇక బడి సంగతి. 1994లో మలావి ప్రాథమిక విద్యని ఉచితం చేసింది. సుమారు 19 లక్షలున్న పిల్లల సంఖ్య ఏడాదిలోనే 30 లక్షల దరిదాపులకు వెళ్లింది. గదులు మాత్రం అంత తొందరగా పెరగలేదు. మా ఊరి బడిలోనూ చిన్న తరగతులు చెట్ల కిందే. శిబిరంతో వచ్చిన టీచర్లు పలకలు, బంతులు ఇచ్చి వెళ్లారు. పిల్లలు సంతోషించారు, అది నిజం. అయితే ఆ బడికి మా వల్ల జరిగిన అసలు మేలు వేరే ఉంది.

ఆ సరస్సులో ఈదే పిల్లల్లో చాలామందికి మూత్రంలో రక్తం పడుతుంది. లికోజో అంటారు దాన్ని, బిల్హార్జియా. "అది అందరికీ ఉండేదే" అని పెద్దవాళ్లు ఊరుకునేవారు. ఆరో తరగతి టీచరు ఒక రోజు పిల్లల్ని వెంటబెట్టుకుని మా ల్యాబ్‌కి వచ్చాడు. కుర్రాడు చేతి తొడుగులు వేసుకుని, రెల్లు మొదళ్ల నుంచి ఏరిన నత్తల్ని గాజు గ్లాసులో వేసి ఎండలో పెట్టాడు. ఎండ తగిలేసరికి నత్తలోంచి చీలిన తోకల పిల్లపురుగులు నీళ్లలోకి వచ్చాయి. చర్మాన్ని తొలుచుకుని లోపలికి వెళ్లేవి అవే. ఒక చుక్క నా నాలుగు రెట్ల కటకం కింద పెట్టాడు. తరువాత, మధ్యాహ్నం పట్టిన మూత్రం నమూనాని వడగట్టి చూపించాడు. గుడ్లు ఎక్కువగా పడేది ఆ వేళకే. ఒక కొసన ముల్లుతో, వడ్లగింజలాంటి గుడ్డు.

ఒక పిల్ల చూసి వెనక్కి తగ్గి, మళ్లీ వచ్చి చూసింది. "ఇది ఎవరిది?" అంది.

"ఎవరిదైనా కావచ్చు. నీదీ కావచ్చు."

"అయితే నాదీ చూడు."

మరునాటికి తరగతి తరగతంతా సీసాలతో నిలబడింది. ఆరోగ్య కార్యకర్త ఎత్తు కొలిచే కర్ర తెచ్చాడు. పిల్లవాడి తల ఏ గీతకి తగిలితే అన్ని ప్రాజిక్వాంటెల్ బిళ్లలు. ఖాళీ కడుపున వేస్తే తిప్పుతుందని ముందు మొక్కజొన్న జావ పెట్టారు. చేదుకి మొహాలు ముడుచుకున్నారు, కానీ ఎవరూ ఉమ్మలేదు.

పిల్లలు మళ్లీ సరస్సులో దిగుతారు. బట్టలు, నీళ్లు, చేపలు అన్నీ అందులోనే కదా. అందుకే మందు మళ్లీ మళ్లీ వేయాలి, మరుగుదొడ్లు కట్టాలి. ఇంకో సంగతి కూడా ఆ టీచరు పిల్లలతో బోర్డు మీద గీయించాడు. నత్తల్ని తినే ట్రెమటోక్రానస్ ప్లాకోడాన్ అనే చేప ఆ ఒడ్డున బాగా ఉండేది. సన్నకంత వలలు దాన్ని ఊడ్చేశాక నత్తలు పెరిగాయి, వాటితోపాటు రోగమూ. జాలరుల పిల్లలు ఆ బొమ్మని ఇళ్లకి తీసుకెళ్లారు. వల కంతల మీద ఊరి పెద్ద దగ్గర తగువు మొదలైంది. ఆ తగువు ఇంకా నడుస్తోంది, నడవాలి కూడా.

మొన్న ఆమె ఫోను చేసి ఈసారి ఏం తేవాలో అడిగింది. కుర్రాడు నా పక్కనే కూర్చుని జవాబు రాశాడు. కటకానికి వేసే నూనె, పొడి రూపంలో గీమ్సా, ద్రవమైతే దారిలో ఒలుకుతుంది. బఫర్ బిళ్లలు. కటకాలు తుడిచే కాగితం, పెట్టెలో తేమ పీల్చే సిలికా జెల్, వానాకాలం నా గాజు మీద బూజు పడుతోంది. యూనిఫారాలు తేవద్దు, మంగోచి బజారులో కుట్టే దర్జీలున్నారు, డబ్బు వాళ్లకి ఇద్దాం. ఇద్దరు ఒకేసారి చూసే తల దొరికితే తప్పకుండా తేవాలి. వానల్లో కాకుండా సెప్టెంబరులో, బడి తెరిచాక రావాలి. చివర ఇంకో మాట చేర్చాడు: సరస్సు ఒడ్డునే ఉన్న మరో కేంద్రం నుంచి ఇద్దరమ్మాయిలు నేర్చుకోవడానికి వస్తున్నారు, వాళ్లకి నేను నేర్పుతాను, వాళ్లు చదివిన స్లైడుల్ని మీరు మరోసారి చూసి పెట్టండి అమాయీ.