వంటింట్లో రజతోత్సవం

ఈ మందు తయారు చెయ్యడానికి బీఫార్మసీ చదవక్కర్లేదు. తొమ్మిది వోల్టుల బ్యాటరీలు మూడు తెచ్చి వరసగా తగిలించండి. రెండు వెండి తీగలు కొనండి. 99.99 శాతం స్వచ్ఛమైనవే కావాలి, ఇంట్లో పట్టీలు కరిగిస్తే కుదరదు, వాటిలో రాగి కలిసి ఉంటుంది. గాజు గ్లాసులో డిస్టిల్డ్ వాటర్ పోసి, తీగలు ఒకదానికొకటి తగలకుండా ముంచి, క్లిప్పులు పెట్టి కూర్చోండి. కాసేపటికి తీగ చుట్టూ బూడిద రంగు నూగు పడుతుంది. పొగ లాంటి చార ఒకటి గ్లాసు అడుక్కి దిగుతుంది. నీళ్లు లేత పసుపుకి తిరిగాక లేజర్ లైటు వేసి చూడండి. కాంతి గీత కనిపించిందా, అమృతం సిద్ధం. దీని పేరు కొల్లాయిడల్ సిల్వర్. అమెరికాలో ఎన్నో వంటిళ్లలో కాఫీ మెషిన్ పక్కనే ఈ ఫ్యాక్టరీ నడుస్తోంది.

ఆ లేజర్ గీత చూసి పరవశించేవాళ్లకి ఒక మాట చెప్పాలి. నీళ్లలో పాలచుక్క వేసి లైటు కొట్టినా అదే గీత కనిపిస్తుంది. సన్నటి రేణువులు తేలుతున్న ఏ ద్రవంలోనైనా కాంతి చెదిరి అలాగే అవుపిస్తుందని టిండాల్ అనే శాస్త్రవేత్త 19వ శతాబ్దంలోనే చెప్పాడు. నీళ్లలో ఏవో రేణువులున్నాయని తప్ప ఆ గీత ఇంకేమీ చెప్పదు. ఎన్ని ఉన్నాయో చెప్పదు, ఎంత పరిమాణంలో ఉన్నాయో చెప్పదు. ఓపిక లేనివాళ్లు చిటికెడు ఉప్పు వేస్తారు. కరెంటు జోరుగా పారుతుంది, నీళ్లు తెల్లబడతాయి. అప్పుడు గ్లాసులో తయారయ్యేది సిల్వర్ క్లోరైడ్. అయినా తాగేది ఎలాగూ తామే కనుక తనిఖీకి ఎవరూ రారు.

కొంచెం శాస్త్రీయ దృక్పథం ఉన్నవాళ్లు టీడీఎస్ మీటర్ ముంచుతారు. అవును, ఆర్వో మెషిన్ అమ్మేవాడు మన ఇంటికొచ్చి, బోరు నీళ్లలో ముంచి మనల్ని భయపెట్టే మీటరే. అది కొలిచేది నీళ్లలో కరెంటు ఎంత పారుతోందనే సంగతి. అయాన్లను చూస్తుంది, వెండి రేణువులను చూడలేదు. ఏ రేణువుల కోసం ఈ యజ్ఞమంతా చేశారో వాటికి ఆ మీటర్ గుడ్డిది. అయినా అందులో ఓ అంకె కనపడగానే దాన్ని సీసా మీద రాసుకుంటారు. లీటరుకు 10 మిల్లీగ్రాములే ఉన్నాయని నమ్ముదాం. జీవితాంతం రోజూ లోపలికి వెళ్లినా ఫర్వాలేదని అమెరికా పర్యావరణ సంస్థ లెక్కగట్టిన వెండి శరీర బరువులో కిలోకి 5 మైక్రోగ్రాములు. అరవై కిలోల మనిషికి 300. ఆ నీళ్లలో రెండు టేబుల్ స్పూన్లు తాగేసరికి ఆ కోటా కాస్తా అయిపోతుంది. మన భక్తులు గ్లాసులతో తాగుతారు.

ఏం తగ్గుతుంది అని మాత్రం అడక్కండి, ఏం తగ్గదు అని అడగండి. జలుబు, క్షయ, హెర్పిస్, ఎయిడ్స్, క్యాన్సర్. కుక్కకి పడుతుంది, చిలక్కి పడుతుంది, కుండీలో మొక్కకీ పడుతుంది. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని మనవాళ్లన్నారు గానీ, వంటింటి బ్యాటరీ గురించి ఏమీ అనలేదు.

ఈ వ్యాపారానికి పెట్టుబడి అబద్ధం కాదు, సగం నిజం. వెండి సూక్ష్మజీవుల్ని చంపుతుంది, అందులో అనుమానం లేదు. 1881లో జర్మనీలో క్రెడె అనే ప్రసూతి వైద్యుడు పుట్టిన బిడ్డల కళ్లలో సిల్వర్ నైట్రేట్ చుక్కలు వేసి ఎన్నో కళ్లను కాపాడాడు. కాలిన గాయాల మీద రాసే తెల్లటి క్రీములో సిల్వర్ సల్ఫాడయజిన్ ఇప్పటికీ ఉంది. అయితే ఇవన్నీ పైపూత వ్యవహారాలు. కడుపులోకి వెళ్లిన వెండికి అక్కడ క్లోరైడ్, ప్రొటీన్లు ఎదురొచ్చి పట్టుకుంటాయి. గాజు పళ్లెంలో బ్యాక్టీరియాను చంపిన వీరుడు ఒంట్లో దిగేసరికి ఖైదీ అవుతాడు. శరీరానికి వెండితో ఏ పనీ లేదు. వెండి లోపం అనే జబ్బు ఏ వైద్య గ్రంథంలోనూ లేదు. మనింట్లో ఉగ్గుగిన్నె, వెండి గ్లాసు మాటేమిటంటారా? గట్టి లోహం నీళ్లలోకి దిగడానికి ఇష్టపడదు. దాన్ని బలవంతంగా దింపడానికే కదా ఇక్కడ మూడు బ్యాటరీలు కావలసి వచ్చింది!

ఈ శాస్త్రంలో నాకు అన్నిటికంటే నచ్చిన సూత్రం నిల్వ చేసే పద్ధతి. తయారైన వెండి నీళ్లను ముదురు రంగు సీసాలో పోసి, వెలుతురు తగలకుండా అలమారాలో పెట్టాలని ప్రతి గురువూ చెబుతాడు. వెలుతురు తగిలితే వెండి లవణాలు నల్లబడతాయని వాళ్లకి తెలుసు. పాతకాలం ఫొటో ఫిల్ము పనిచేసింది ఆ గుణంతోనే. అంత జాగ్రత్తగా చీకట్లో దాచిన నీళ్లను పొద్దున్నే తాగేసి, టోపీ అయినా లేకుండా ఎండలో వాకింగుకి వెళతారు. చర్మంలో పేరుకున్న వెండి మీద ఎండ పడుతుంది. ఫిల్ము మీద జరిగినదే చర్మంలోనూ జరుగుతుంది. ముఖం, చేతులు, గోళ్ల మొదళ్లు మెల్లగా బూడిద నీలానికి తిరుగుతాయి. వైద్యులు దీన్ని ఆర్జీరియా అంటారు. సీసాకి ఉన్న భాగ్యం చర్మానికి లేదు.

అమెరికాలోని మోంటానా రాష్ట్రంలో స్టాన్ జోన్స్ అని ఒక రాజకీయ నాయకుడు. 2000 సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ కుప్పకూలి యాంటీబయాటిక్స్ దొరకవని భయపడి 1999లో వెండి నీళ్లు కాచుకోవడం మొదలుపెట్టాడు. కొత్త సంవత్సరం వచ్చింది, కంప్యూటర్లు కులాసాగా ఉన్నాయి, యాంటీబయాటిక్స్ మందుల షాపుల్లోనే ఉన్నాయి, మారింది ఆయన రంగొక్కటే. 2002లో లిబర్టేరియన్ పార్టీ తరఫున అమెరికా సెనేట్‌కి నిలబడ్డాడు. ఆ నీలిముఖం చూసి జనం 'మీరు చనిపోయారా' అని అడిగితే హాలోవీన్‌కి సాధన చేస్తున్నానని నవ్వేసేవాడు. మోతాదు మించడం తన తప్పేగానీ మందు మంచిదేనన్నాడు. ఇంత నిజాయితీ ఉన్న భక్తుడు దొరకడం ఏ మతానికైనా అదృష్టమే.

2008లో పాల్ కారసన్ అనే ఆయన టీవీలో కనబడ్డాడు. చర్మవ్యాధికని ఏళ్ల తరబడి తాగాడు, ముఖానికీ పూసుకున్నాడు. కార్టూన్ బొమ్మ పేరు తెచ్చి లోకమంతా ఆయన్ని పాపా స్మర్ఫ్ అని పిలిచింది. మన పౌరాణిక సినిమాల్లో రాముడికీ కృష్ణుడికీ ఇలాగే నీలం పూస్తారు. ప్యాకప్ చెప్పగానే వాళ్లు కడుక్కుని ఇంటికి వెళ్లిపోతారు. కారసన్‌కి ప్యాకప్ చెప్పేవాడు లేకపోయాడు. 2013లో 62 ఏళ్లకు చనిపోయేదాకా ఆ రంగుతోనే బతికాడు. ఆయన్ని చూసి నవ్వు రావడం లేదు నాకు.

నవ్వొచ్చేది గురువుల సమాధానానికి. నీలంగా మారినవాళ్లు తయారీ సరిగ్గా చెయ్యలేదట. ఉప్పు వేసి ఉంటారు, కుళాయి నీళ్లు వాడి ఉంటారు, వాళ్లది అయానిక్, మాది అసలైన కొల్లాయిడ్. ప్రతి మెషిన్ అమ్మేవాడికీ పక్కవాడి మెషినే ప్రమాదకరం. నీలంగా మారితే తప్పు మీది, జలుబు నాలుగు రోజుల్లో దానంతటదే తగ్గితే గొప్పతనం వెండిది. ఈ లెక్కలో మందు ఎన్నడూ ఓడిపోదు.

మరి ప్రభుత్వం ఏం చేసిందంటారా? బ్రహ్మాండంగా చేసింది. 1999లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఆదేశమిచ్చింది: కొల్లాయిడల్ సిల్వర్ ఉన్న మందులు సురక్షితమనీ, పనిచేస్తాయనీ గుర్తింపు లేదు, వాటిని డాక్టరు చీటీ లేకుండా మందులుగా అమ్మకూడదు. 'మందులుగా' అన్న ముక్క గుర్తుపెట్టుకోండి. అంతకు ఐదేళ్ల ముందే, 1994లో, ఆహార పూరకాలు అమ్మేవాళ్లు ముందుగా ఎవరి అనుమతీ తీసుకోనక్కర్లేదని అమెరికా కాంగ్రెసు చట్టం చేసి పెట్టింది. కనుక ఎఫ్‌డీఏ ఆదేశం వచ్చిన మర్నాటి నుంచి అదే సీసా మందు వేషం విప్పి సప్లిమెంటు వేషం కట్టింది. ముందువైపు పెద్దక్షరాల్లో 'రోగనిరోధక శక్తికి అండ'. వెనకవైపు చీమతలకాయంత అక్షరాల్లో 'ఇది ఏ రోగాన్నీ నయం చెయ్యడానికి ఉద్దేశించినది కాదు'. ఇంత వినయం గల దివ్యౌషధం చరిత్రలో లేదు. ఆ ఆదేశానికి ఈమధ్యే పాతికేళ్లు నిండాయి. రజతోత్సవం అన్నమాట, సీసాలు ఇంకా అమ్ముడవుతూనే ఉన్నాయి.

ఇక కోవిడ్ వచ్చింది, ఈ సీసాలు అమ్మేవాళ్లకి సంక్రాంతి వచ్చింది. మిసోరీలో బ్లూ ఐ అనే ఊరి దగ్గర (ఊరి పేరు నేను కల్పించింది కాదు) జిమ్ బేకర్ అనే టీవీ ప్రబోధకుడు కార్యక్రమం నడుపుతాడు. భక్తుల సొమ్ముతో మోసం చేసినందుకు 1989లో శిక్షపడి జైలుకెళ్లొచ్చిన అనుభవశాలి. 2020 ఫిబ్రవరిలో ఆయన ముందు కూర్చున్న అతిథి, ఈ వెండి ద్రావణాన్ని కొత్త వైరస్ మీద పరీక్షించలేదుగానీ వేరే కరోనా రకాల్ని 12 గంటల్లో మట్టుపెట్టిందని చెప్పింది. తెర మీద సీసాలు. 80 నుంచి 125 డాలర్ల 'కానుక' పంపినవారికి అందజేయబడును. అమ్మకం అనకూడదు, పాపం! మార్చిలో ఎఫ్‌డీఏ, వాణిజ్య నియంత్రణ సంస్థ ఎఫ్‌టీసీ హెచ్చరిక లేఖలు పంపాయి, మిసోరీ రాష్ట్రం దావా వేసింది. 2021లో సుమారు 1,56,000 డాలర్లు తిరిగిచ్చేటట్టు, తప్పు ఒప్పుకోనక్కర్లేనట్టు రాజీ కుదిరింది. యూటా రాష్ట్రంలో గార్డన్ పెడర్సన్ అనే ఆయన మీద, వైద్యుడు కాకుండానే తెల్లకోటు వేసుకుని వెండి అమ్మాడని అభియోగం. కోర్టుకు రమ్మంటే కనిపించకుండా పోయి మూడేళ్ల తర్వాత 2023లో దొరికాడు.

వెండి నీళ్లు తాగేవాడు తెలివి తక్కువవాడు కాదు, అనుమానం ఎక్కువవాడు. మందుల కంపెనీల్ని నమ్మడు, డాక్టర్ని నమ్మడు, ప్రభుత్వాన్ని అసలే నమ్మడు. వీటిల్లో కొన్ని అనుమానాలకు కారణాలూ లేకపోలేదు, అమెరికాలో ఆసుపత్రి బిల్లు చూసినవాడికి ఎవరి మీదైనా అనుమానం వస్తుంది. అన్ని తలుపులూ మూసేసుకున్న ఆ మనిషి ఒక్క కిటికీ మాత్రం తెరిచి ఉంచుతాడు. టీవీ ప్రబోధకుడు, మెషిన్ అమ్మేవాడు అందులోంచే లోపలికి దూకుతారు.

వెండితో ఆరోగ్యంగా బాగుపడ్డవాళ్లు లేకపోలేదు. ఆల్బర్ట్ బార్న్స్ అని ఫిలడెల్ఫియాలో ఒక డాక్టరు. 1902 ప్రాంతంలో ఒక జర్మన్ రసాయన శాస్త్రవేత్తతో కలిసి ఆర్జిరాల్ అనే వెండి మందును అమ్మడం మొదలుపెట్టాడు. అప్పటికి యాంటీబయాటిక్స్ లేవు, ఆ మందుకి నిజంగానే పని ఉండేది. డబ్బు వరదలా వచ్చింది. 1929 జులైలో కంపెనీ అమ్మేశాడు. అక్టోబరులో స్టాక్ మార్కెట్ కూలింది, ఆ తర్వాతి దశాబ్దాల్లో పెన్సిలిన్ వచ్చింది. ఆ వెండి డబ్బుతో ఆయన పోగుచేసిన బొమ్మల్లో చిత్రకారుడు రెన్వా వేసినవే 181 ఉన్నాయి, సెజాన్‌వి 69. ముఖాలకు కాదు, గోడలకు రంగు తెచ్చుకున్నాడు.

ఇప్పుడు మన ఆన్‌లైన్ అంగళ్లలోనూ ఈ సీసాలు కనిపిస్తున్నాయి కనుక అధికారులకు నాదొక మనవి. నిషేధాలూ హెచ్చరిక లేఖలూ వద్దు. సీసా అమ్మినప్పుడల్లా అమ్మేవాడు కొనేవాడి కళ్లెదుట ఆ సీసాలోంచే ఓ పెద్ద చెంచాడు తాగాలని, ఆ వెంటనే ఎండలో పది నిమిషాలు నిలబడాలని ఒక్క నియమం పెట్టండి చాలు. రెండు మూడేళ్లలో ఏ దుకాణంలో అసలు సరుకు దొరుకుతుందో యజమాని ముఖం చూసి జనమే పోల్చుకుంటారు, అతనికి బోర్డు ఖర్చు కూడా మిగులుతుంది.