మందు కొట్టేవాడి ఒంటికి తొడుగేది?

కరోనా ఏడాది, 2020 ఏప్రిల్‌లో, ఊళ్లలో హైపోక్లోరైట్ కొట్టే కుర్రాళ్లలో కొందరికైనా తెల్ల సూట్లు, కళ్లద్దాలు, మాస్కులు, రబ్బరు తొడుగులు అందాయి. మంచిదే. ఆ ద్రావణం కళ్లలో పడితే మంట, ఊపిరికెక్కితే దగ్గు, మరుగుదొడ్డి యాసిడ్ కలిసిందా క్లోరిన్ గ్యాసే. మనుషుల మీద కొట్టొద్దని కేంద్ర ఆరోగ్య శాఖ ఆ నెల 18న చెప్పాల్సి వచ్చింది కూడా. నా బాధ వేరే. మా వైపు ఆ కుర్రాళ్ల వీపున ఉన్నవి మిరప తోటల్లోంచి తెచ్చిన పంపులే. అదే పంపు, అదే కుర్రాడు. లుంగీ ఎగగట్టి పత్తి చేలో మోనోక్రోటోఫాస్ కొట్టినన్నాళ్లూ వాడి చేతులకు తొడుగు లేదేమని అడిగిన నాథుడు లేడు. జబ్బు అందరికీ అంటుతుందనేసరికి నెల తిరక్కుండా సూట్లు దొరికాయి. కూలివాడి ఒక్కడి ఒంట్లోకి పోయే విషానికి యాభై ఏళ్లైనా దొరకలేదు.

మా రోజుల్లో మలేరియా వాళ్లు వచ్చేవాళ్లు. 1958లో నిర్మూలన కార్యక్రమం మొదలయ్యాక డీడీటీ పంపులతో ఇల్లిల్లూ తిరిగి, గోడలు తడిపి, తలుపు పక్కన తేదీ రాసి పోయేవాళ్లు. ఒంటి మీద ఖాకీ బట్టలే, కానీ పనిలో ఒక వరస ఉండేది. ముందు గిన్నెలూ తిండిగింజలూ బయట పెట్టించేవాళ్లు, ఆ తర్వాతే పంపు ఎత్తేవాళ్లు. పొలానికి ఎండ్రిన్, ఫాలిడాల్ వచ్చేసరికి ఆ వరస కూడా పోయింది. మూత పంటితో పీకడం, డ్రమ్ములో చేత్తో కలపడం, నాజిల్ పూడుకుంటే నోట పెట్టి ఊదడం! మూతికి కట్టిన తుండుగుడ్డ మందుకు తడిసి, ఆ విషాన్నే ముక్కుకు ఆనించి పట్టుకునేది. అయినా పెద్దవాళ్లు మూడు మాటలు మాత్రం గట్టిగా చెప్పేవాళ్లు: గాలికి ఎదురు కొట్టొద్దు, ఎండెక్కక ముందే గట్టెక్కు, కాలవలో స్నానం చేయకుండా గడప తొక్కొద్దు.

చట్టం లేక కాదు. 1958లో కేరళలో ఫాలిడాల్ కలిసిన పిండి తిని వందమందికి పైగా చనిపోతే, దాని మీద జరిగిన విచారణ ఫలితంగానే 1968లో పురుగుమందుల చట్టం వచ్చింది. 1971 నిబంధనల్లో తొడుగులు, శ్వాస పరికరాలు, పనివాళ్లకు వైద్య పరీక్షలు, శిక్షణ అన్నీ రాశారు. అవి మా చేలగట్టు దాకా రాలేదు.

1987-88లో పత్తిని తెల్లదోమ ఊడ్చేసినప్పుడు చూశాను. గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో మందు మీద మందు కొట్టారు. పురుగు చావలేదు, అప్పులు పెరిగాయి, రైతులు ఆ డబ్బాల్లోదే తాగి పోయారు. వాళ్ల గురించి పేపర్లు రాశాయి. సాయంత్రానికి కళ్లు మసకబారి, చొంగ కారుస్తూ, కండరాలు ఎగిరిపడుతుంటే మంచం మీద వేసి పెద్దాసుపత్రికి మోసిన కూలీల గురించి ఎవరూ రాయలేదు. విరుగుడుగా అట్రోపిన్ పడితే బతికారు. డ్రమ్ముకు నీళ్లు మోసి మందు కలిపే ఆడవాళ్లు తలనొప్పి, వాంతులు అని ఇంట్లోనే పడుకునేవాళ్లు. దాన్ని విషం కింద లెక్కేసినవాళ్లే లేరు.

ఇప్పుడు బాగుపడిందా అంటే, 2021-22లో మిరపకు నల్ల తామర పురుగు వచ్చినప్పుడు చూడాల్సింది. మూడు నాలుగు మందులు ఒకే డ్రమ్ములో కలిపి కొట్టారు. ట్యాంకుకింత అని కూలి మాట్లాడుకుంటారు కాబట్టి, ఎన్ని ఎక్కువ కొడితే అంత డబ్బు. మిట్టమధ్యాహ్నమైనా ఆగరు. చేతిపంపు పోయి ఇంజనుతో నడిచే తైవాన్ పంపు వచ్చింది. తుంపర సన్నబడింది, వేగం పెరిగింది, మనిషి మీద పడేదీ పెరిగింది. పెద్దవాళ్ల మూడు మాటలూ పోయాయి, వాటి బదులు తొడుగేమీ రాలేదు. డ్రోన్లు వచ్చాయి కదా అంటారు. డ్రోను ట్యాంకులో చిక్కటి మందు పోసేది మనిషే. కలిపే చోటే ప్రమాదం అన్నిటికంటే ఎక్కువ.

ఆ తెల్ల సూటు మా ఎండకు పనికిరాదని నాకూ తెలుసు. నలభై దాటిన వేడిలో పావుగంట వేసుకుంటే మనిషే కూలబడతాడు. అందుకని ఏమీ వద్దనడం న్యాయం కాదు. పొడుగు చేతుల మందపాటి నూలు చొక్కా, ప్యాంటు వేసి, అంచు బూటు మీదకు వదలాలి, లోపలికి దోపితే కారిన మందంతా పాదాల దగ్గరే నిలుస్తుంది. వీపుకూ పంపుకూ మధ్య ప్లాస్టిక్ పట్టా కట్టాలి. కారే పంపు ఎత్తనే కూడదు. చేతులకు నైట్రైల్ గ్లౌజులు వేసుకుని, విప్పే ముందు చేతి మీద ఉండగానే సబ్బుతో కడగాలి. మందు ఆవిరిని కరోనా మాస్కు ఆపదు, దానికి బొగ్గు గుళిక ఉన్న మాస్కు కావాలి. గట్టు మీద సబ్బు, రెండు బిందెల మంచినీళ్లు, మార్చుకోను బట్టలు ఉండాలి.

ఇవన్నీ ఎవరు కొనాలి? రోజు కూలికి వచ్చినవాడు కొనడు, కొనలేడు. మందు కొన్న రైతే కొనాలి. కౌలు రైతు చేతిలో డబ్బు లేదంటే, డబ్బా అమ్మిన కంపెనీ దాంతోపాటు గ్లౌజులు, మాస్కు ఇవ్వాలి. ఇప్పుడిస్తున్నది డబ్బాలో మడిచిన కాగితం ఒక్కటే. ఎర్ర త్రికోణం ఉన్న, అత్యంత విషపూరితమైన మందుకైనా వివరమైన జాగ్రత్తలు అందులోనే ఉంటాయి. ఆ అక్షరాలు భూతద్దం పెడితే గాని నాకు కనపడవు. పొద్దుటే డ్రమ్ము దగ్గర తడి చేతులతో నిలబడ్డ పిల్ల దాన్ని ఎప్పుడు విప్పి చదువుతుంది?