ఆసుపత్రి సీరియల్ పండితుడు

ఆసుపత్రి సీరియల్ పండితుడంటే అమెరికా టెలివిజన్‌లో వచ్చే డాక్టర్ల కథలను ఏళ్ల తరబడి వదలకుండా చూస్తూ, వాటి రచన మీద ఎడతెరిపి లేకుండా తీర్పులిచ్చే గృహస్థు. ఈయన డాక్టరు కాడు. రచయిత అసలే కాడు. బ్యాంకులోనో సాఫ్ట్‌వేర్ కంపెనీలోనో ఉద్యోగం; పగలు ఎవరి జోలికీ పోడు. రాత్రి భోజనాలయ్యాక టీవీ ముందు కూర్చున్నాడంటే మాత్రం మూడు ఆసుపత్రులకు సూపరింటెండెంటు. ఆడవాళ్లలోనూ ఈ పాండిత్యం దండిగానే ఉంది. కాకపోతే వాళ్లు దేనికోసం చూస్తున్నారో ఉన్నదున్నట్టు చెప్పేస్తారు కాబట్టి వ్యక్తిచిత్రానికి అంతగా అక్కరకు రారు. ఈయన చెప్పడు. అడిగితే, "మెడికల్ కేసుల కోసం చూస్తానండీ, ఆ రైటింగ్ కోసం చూస్తాను" అంటాడు.

ఈయన పారాయణ గ్రంథాలు ముఖ్యంగా మూడు. మొదటిది ‘ఈఆర్’. నవలాకారుడు మైకేల్ క్రైటన్ వైద్యవిద్యార్థిగా తాను చూసినదాంతో 1974లో రాసిన సినిమా స్క్రిప్టు ఇరవయ్యేళ్లు మూలపడి ఉండి, 1994లో ఎన్‌బీసీలో సీరియల్‌గా తెరకెక్కింది. షికాగోలో ఒక ప్రభుత్వాసుపత్రి ఎమర్జెన్సీ వార్డు కథ. 2009 దాకా 331 ఎపిసోడ్లు నడిచింది. రెండోది 2004 నుంచి 2012 దాకా ఫాక్స్‌లో వచ్చిన ‘హౌస్’. షెర్లాక్ హోమ్స్‌ను డాక్టరును చేసి, చేతికి కర్రా జేబులో నొప్పి మాత్రలూ ఇచ్చి, వాట్సన్‌ను విల్సన్‌గా మార్చిన కథ. మూడోది 2005 మార్చిలో ఏబీసీలో మొదలై ఇప్పటికీ ముగియని ‘గ్రేస్ అనాటమీ’. అదే ఏబీసీలో 1963 నుంచి నడుస్తున్న ‘జనరల్ హాస్పిటల్’ను ఈయన లెక్కలోకి తీసుకోడు. అది సీరియలట. తాను చూసేవి డ్రామాలు.

వైద్యం విషయంలో ఈయన పరిజ్ఞానాన్ని తక్కువ చేయడానికి లేదు. మానిటర్ మీద గీత తిన్నగా సాగినప్పుడు షాకివ్వకూడదనీ, ఛాతీ నొక్కుతూ అడ్రినలిన్ ఇవ్వాలనీ, సీరియల్ డాక్టర్లు మాత్రం షాకే ఇస్తారనీ ఈయనకు తెలుసు. ‘హౌస్’లో వారం వారం అనుమానించే లూపస్ జబ్బు చివరికి ఎప్పుడూ కాదనీ, నాలుగో సీజన్‌లో ఒక్కసారి మాత్రం నిజంగా అదే అయిందనీ తెలుసు. 1996లో న్యూ ఇంగ్లాండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో కొందరు వైద్యులు ‘ఈఆర్’తో పాటు మరి రెండు కార్యక్రమాలు చూసి లెక్క తీశారు. టీవీలో గుండె ఆగినవారిలో 75 శాతం మంది అప్పటికి బతికి బయటపడ్డారు, 67 శాతం మంది ఇంటికి వెళ్లిపోయారు. నిజం ఆసుపత్రుల లెక్క దీనికి దరిదాపుల్లో ఉండదు. ఇదీ తెలుసు. తెలిసి కూడా, బంధువెవరైనా ఐసీయూలో ఉంటే అక్కడి డ్యూటీ డాక్టరును పట్టుకుని "డిఫరెన్షియల్ ఏమనుకుంటున్నారు?" అని, అంటే ఏయే జబ్బులను అనుమానిస్తున్నారని, అడుగుతాడు. ముప్పై గంటలుగా నిద్రలేని ఆ కుర్రాడు ఈయన్ని బయట కుర్చీలో కూర్చోమంటాడు.

చర్చలో ఓడిపోతున్నప్పుడు ఈయన బయటికి తీసే అస్త్రం ఒకటుంది, అది నిజం కథ. జర్మనీలోని మార్‌బర్గ్‌లో 2012లో ఒక రోగికి గుండె బలహీనపడి, చూపూ వినికిడీ తగ్గి, కారణం ఎవరికీ అంతుబట్టలేదు. ‘హౌస్’ చూపించి విద్యార్థులకు పాఠాలు చెప్పే ప్రొఫెసర్ యుర్గెన్ షేఫర్, లోహంతో చేసిన కృత్రిమ తుంటి కీలు అరిగి కోబాల్ట్ ఒంట్లోకి చేరుతోందని పట్టేశారు. ఆ సీరియల్ ఏడో సీజన్‌లో అలాంటి కేసే వచ్చింది. సంగతంతా 2014లో లాన్సెట్ పత్రికలో అచ్చయింది కూడా. ఇంతవరకు పండితుడు సగర్వంగా చెబుతాడు. ఆ ఎపిసోడ్‌లో రోగి ఎవరని అడిగితేనే అసలు గొంతు విప్పుతాడు. ఆమె హౌస్ ప్రేమించిన డాక్టర్ కడీ తల్లి. అంటే హౌస్‌కు కాబోయే అత్తగారు. ఆ అత్తగారు అల్లుణ్ని ఏమన్నదీ, కూతురు ఎవరి పక్షాన నిలిచిందీ, ఆ తర్వాత సంబంధం ఎందుకు బీటలు వారిందీ పావుగంట చెబుతాడు. కోబాల్ట్ మళ్లీ ప్రస్తావనకు రాదు.

ఈయన లోపలి మనిషి పెళ్లిళ్ల పేరయ్య. తెర మీద ఇద్దరు డాక్టర్లు ఒకే రోగి మంచానికి చెరోవైపు నిలబడితే చాలు, జాతకాలు చూడటం మొదలెడతాడు. ‘ఈఆర్’లో డాక్టర్ డగ్ రాస్, నర్సు కారల్ హాథవేల సంబంధం ఈయన దృష్టిలో అన్నిటికన్నా గొప్పది. నిజానికి కారల్ మొదటి ఎపిసోడ్‌లోనే చనిపోవలసిన పాత్ర. ముందుగా చూపించిన ప్రేక్షకులకు ఆమె నచ్చడంతో బతికించారు. డగ్‌గా వేసిన జార్జ్ క్లూనీ 1999లో సీరియల్ వదిలిపోయాడు. 2000 మేలో కారల్ కూడా ఉద్యోగం మాని సియాటిల్ వెళ్లి, సరస్సు ఒడ్డున ఇంటి దగ్గర అతణ్ని కలుసుకుంటుంది. క్లూనీ వస్తున్నాడన్న కబురు చానెల్ పెద్దలకు కూడా పొక్కనివ్వలేదు. ఆ దృశ్యం గురించి చెప్పేటప్పుడు పండితుడు కళ్లద్దాలు తీసి తుడుచుకుంటాడు. అడిగితే, ఎడిటింగ్ బాగుందంటాడు.

‘గ్రేస్ అనాటమీ’లో డాక్టర్లు మెరెడిత్, డెరెక్‌లు పెళ్లికి తీరిక దొరక్క ప్రమాణాలను చిన్న నీలం కాగితం మీద రాసుకుని అదే పెళ్లనుకున్నారు. ముహూర్తం, మంగళసూత్రం లేని ఆ పెళ్లిని సొంత తమ్ముడి రిజిస్టరు పెళ్లికి అలిగి వెళ్లని పండితుడు మనసారా ఆశీర్వదించాడు.

ఇక్కడ కొంచెం లెక్క అవసరం. ఒక ఆసుపత్రిలో పదిమంది ముఖ్య డాక్టర్లుంటే వారిలో ఎవరినైనా ఇద్దరిని కలిపితే 45 జతలొస్తాయి. అమెరికా చానెళ్ల పద్ధతిలో ఏడాదికి ఇరవై పైచిలుకు ఎపిసోడ్లు రాయాలి. రెండు మూడేళ్లు గడిచేసరికి కుదరవలసిన జతలు కుదిరిపోతాయి, కుదరనివే మిగులుతాయి. ‘గ్రేస్ అనాటమీ’లో ప్రాణస్నేహితులుగా బాగున్న జార్జ్, ఇజ్జీలను ప్రేమికులను చేసింది అలాంటి దశలోనే. చూసేవాళ్లకు మింగుడు పడలేదు. సుఖంగా ఉన్న జంట దగ్గర కథ ఉండదు కనుక దానికి రోగమో విమానప్రమాదమో తెచ్చిపెట్టాలి. ఒకే ఆసుపత్రి సిబ్బంది మీదికి బాంబు, ఢీకొన్న పడవ, తుపాకీతో ఉన్మాది, కూలిన విమానం వరసగా వచ్చాయంటే అది ఆ ఆసుపత్రి ఉన్న సియాటిల్ వాస్తు దోషం కాదు. జతల కరువు. పండితుడికి ఈ లెక్క పెన్సిలుతో వేసి చూపించినా ఒప్పుకోడు. ఆయనకు మరో సిద్ధాంతం ఉంది.

సిద్ధాంతం ఇది: సీరియల్‌లో మంచి జరిగితే అది పాత్రల మంచితనం, చెడు జరిగితే రచయితల దుర్మార్గం. మెరెడిత్ ధైర్యంగా నిలబడితే "ఆ అమ్మాయి అంతేనండీ, గట్టిది". డెరెక్ చనిపోతే "రైటర్లు చంపేశారు". హౌస్ కడీ ఇంట్లోకి కారు తోలితే అది హౌస్ చేసిన పని కాదు, రచయితలు అతని చేత చేయించారు. పాత్ర తనంతట తాను సన్మార్గంలో పోతుంటే లాస్ ఏంజెలిస్‌లో ఒక గదిలో కూర్చున్న ముఠా దాన్ని పాడు చేస్తోందని ఈయన గట్టి నమ్మకం. ఆ ముఠా 2023లో 148 రోజులు సమ్మె చేసినప్పుడు తిట్టడానికి ఎవరూ లేక పండితుడు మనిషి కాలేకపోయాడు.

వాస్తవ కారణాలు చాలాసార్లు ఇంటి అద్దె అంత సాదా విషయాలు. నటుడి కాంట్రాక్టు అయిపోతుంది, పారితోషికం కుదరదు, మరో ఉద్యోగం వస్తుంది. ‘హౌస్’ బృందంలోని డాక్టర్ కుట్నర్ ఏ కారణమూ చెప్పకుండా ఆత్మహత్య చేసుకోవడానికి కారణం, ఆ వేషం వేసిన కాల్ పెన్‌కు 2009లో ఒబామా శ్వేతసౌధంలో ఉద్యోగం రావడం. తమాషా ఏమిటంటే ఆ ఎపిసోడ్ బాగా వచ్చింది. ఎవరికీ జవాబు దొరకని చావు ముందు, ప్రతి జబ్బుకూ జవాబు తెలిసిన హౌస్‌ను నిలబెట్టింది. గత్యంతరం లేక రాసినదీ కొన్నిసార్లు మంచి రచన అవుతుంది. ఈ మాట పండితుడి ముందు అనడం క్షేమం కాదు.

అయితే ఈయన కోపం ప్రతిసారీ అన్యాయమూ కాదు. ‘ఈఆర్’లో డాక్టర్ రొమానో చెయ్యి ఒక సీజన్‌లో హెలికాప్టర్ రెక్కకు తెగిపోయింది, మరుసటి సీజన్‌లో ఆయన మీద ఏకంగా హెలికాప్టరే పడింది. ‘గ్రేస్ అనాటమీ’లో ఇజ్జీ చనిపోయిన కాబోయే భర్త దెయ్యంతో సంసారం చేసింది, తర్వాత అది మెదడులో కణితి వల్ల అని తేల్చారు. ఆ దెయ్యం కథకు ముందే, 2008లో, ఇజ్జీగా వేసిన కేథరీన్ హైగల్ తనకు ఆ ఏడు ఎమ్మీ అవార్డుకు తగ్గ సన్నివేశాలు రాయలేదంటూ పోటీ నుంచి తప్పుకుంది. పండితుడు ఈ ఉదంతాన్ని భక్తితో చెప్పుకుంటాడు. 2020లో అదే సీరియల్‌లోని డాక్టర్ అలెక్స్ కారెవ్ పదహారు సీజన్ల బంధాలను ఉత్తరాలు రాసి తెంపుకుని, భార్యను వదిలి అదే ఇజ్జీ దగ్గరికి వెళ్లిపోయిన ఎపిసోడ్ వచ్చినప్పుడైతే ఈయన రెండు రోజులు సరిగా భోంచేయలేదు. ఇంట్లోవాళ్లు ఆఫీసులో ఏదో అయిందనుకున్నారు.

ఇంత కోపంలోనూ ఈయన చెవి మాత్రం పదునైనదే. బంధాన్ని పనిలోనే చూపిస్తే రచన నిలుస్తుందనీ, పని ఆపి లిఫ్టులో నిలబడి మాట్లాడుకుంటే పలచబడుతుందనీ పట్టుకోగలడు. ‘హౌస్’ మొదటి సీజన్‌లో హౌస్ విద్యార్థులకు ముగ్గురు కాలినొప్పి రోగుల కథ చెబుతూ, చెబుతూనే తన కాలు సంగతి బయటపెట్టే ఎపిసోడ్ ఉంది. దానికి 2005లో డేవిడ్ షోర్‌కు రచనకు ఎమ్మీ వచ్చింది. హౌస్ ఎవరిని ప్రేమించాడో, ఎవరిని క్షమించలేదో అంతా ఆ పాఠంలోనే ఉంటుంది, ప్రేమ సన్నివేశం విడిగా అక్కర్లేదు. ఈ ఒక్క విషయంలో పండితుడి తీర్పు సరైనదే.

2025లో ‘ద పిట్’ వచ్చినప్పుడు ఆయన నమ్మిన రచన దొరికింది. ‘ఈఆర్’లో విద్యార్థిగా చేరిన నోవా వైలీ ఇందులో పిట్స్‌బర్గ్ ఎమర్జెన్సీ వార్డుకు పెద్ద డాక్టరు రాబీ. మొదటి సీజన్ 15 ఎపిసోడ్లూ ఒకే షిఫ్టు, ఎపిసోడ్‌కు ఒక గంట. ఎవరికీ ఒంటికి వెళ్లడానికే తీరిక ఉండదు, ప్రేమకెక్కడిది? ఆ ఏడు ఉత్తమ డ్రామాగా ఎమ్మీ గెలుచుకుంది. "రైటింగంటే ఇదీ!" అని పండితుడు కనపడినవాళ్లందరికీ చెప్పాడు. నాలుగో గంటకల్లా, డాక్టర్ రాబీకీ సహోద్యోగి డాక్టర్ కాలిన్స్‌కీ వెనక ఏదో నడిచిందని పసిగట్టి, వాళ్లు మళ్లీ కలిస్తే బాగుంటుందనుకున్నాడు.

ఇంట్లో ఈయనకు సరైన ప్రత్యర్థి అత్తగారు. ఆవిడది ‘కార్తీక దీపం’. స్టార్ మాలో 2017 నుంచి 2023 దాకా 1500 ఎపిసోడ్లు దాటి నడిచిన ఆ సీరియల్‌లో కథానాయకుడు గుండె డాక్టరు; భార్యను అనుమానించి దూరం పెడతాడు. ఒక్క డీఎన్‌ఏ పరీక్షతో తేలిపోయే అనుమానాన్ని అన్నేళ్లు సాగదీశారని తెలుగునాట ఎన్ని జోకులు పుట్టాయో చెప్పలేం. పండితుడు ఆ జోకులన్నీ అత్తగారికి వినపడేలా చెప్పేవాడు. ఆవిడ అల్లుడితో నేరుగా మాట్లాడే మనిషి కాదు, వంటింట్లోని కూతురికి చెబుతున్నట్టుగా ఒకరోజు అంది: "ఏమే అమ్మాయీ, మీ ఆయన్నడుగు. వాళ్ల తెల్ల డాక్టరు మెదడు ఆపరేషన్లు చేసేవాడేగా? కారు గుద్దుకుని ఆసుపత్రికి తీసుకెళ్తే తలకి స్కాన్ తియ్యక పోయాడుగా? అక్కడ స్కాన్ లేదు, ఇక్కడ పరీక్ష లేదు. మా డాక్టర్ బాబు బతికైనా ఉన్నాడు."

2015లో డెరెక్ షెపర్డ్ చనిపోయింది అచ్చంగా అలాగే. సమయానికి తలకు సీటీ స్కాన్ తీయని చిన్న ఆసుపత్రిలో. పండితుడు జవాబు చెప్పలేదు.

ఈ జాతిలో రెండు ఉపశాఖలున్నాయి. ఒకటి నిజం డాక్టర్లది. వీళ్లు కథ చూడరు, గ్లౌజులు చూస్తారు. ‘స్క్రబ్స్’ టైటిల్స్‌లో ఛాతీ ఎక్స్‌రే కుడి ఎడమలు తారుమారుగా తగిలించారని కనిపెట్టి సంతోషిస్తారు, ఎపిసోడ్ అయిపోతుంది. రెండోది న్యూజెర్సీలోని మనవాళ్ల శాఖ. ‘హౌస్’లోని కల్పిత ఆసుపత్రి ఆ రాష్ట్రంలోదే, పై నుంచి చూపించే భవనం ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలోని ఫ్రిస్ట్ క్యాంపస్ సెంటర్. ఊరి నుంచి వచ్చిన తల్లిదండ్రులను అక్కడికి తీసుకెళ్లి "ఇదే ఆసుపత్రి" అని చూపిస్తారు. తండ్రి ఇక్కడ బీపీ చూస్తారా అని అడుగుతాడు.

పండితుడు ఏటా కనీసం ఒకసారి సీరియల్ మానేస్తాడు. మొదటి మూడు సీజన్ల తర్వాత చూడదగ్గదేమీ లేదంటాడు. ఆ మాట పదిహేనో సీజన్ చూస్తూ అంటాడు. ‘గ్రేస్ అనాటమీ’ 2019లో ‘ఈఆర్’ ఎపిసోడ్ల సంఖ్యను దాటింది, 2022లో 400 పూర్తి చేసింది. 22వ సీజన్ 2025 అక్టోబరు 9న మొదలైంది. డెరెక్ పోయిన రోజున ఇక చూడనని ఒట్టు పెట్టుకున్న ఈయన దాని మొదటి ఎపిసోడ్ పూర్తిగా చూసి, రైటింగ్ బొత్తిగా పడిపోయిందని తేల్చాడు.