కూర్చున్నచోటే పరాయివాణ్ణయ్యాను

నేను ఇల్లు మారలేదు. హైదరాబాద్‌లో అదే వీధి, అదే మేడమీది వాటా, నీళ్లు రాని అదే కుళాయి. అయినా 2014 జూన్ 2న పొద్దున్నే లేచేసరికి నా డ్రైవింగ్ లైసెన్సు పక్క రాష్ట్రపుదైపోయింది. 2003లో తీసుకున్నది, నంబరు మొదట్లో ‘ఏపీ’ అని రెండక్షరాలు. రాష్ట్రం రెండైంది, కార్డు మాత్రం పర్సులో ఉన్నచోటే ఉండి చుట్టపుచూపుగా వచ్చినదైంది. తర్వాత కొత్త బళ్లకు ‘టీఎస్’ వచ్చింది. 2024 మార్చిలో అదీ ‘టీజీ’ అయింది. ఇప్పుడు మా వాకిట్లో నా స్కూటరు ఏపీ, మా ఆవిడ స్కూటీ టీఎస్, అబ్బాయి మోటార్ సైకిల్ టీజీ. పెట్రోలు మాత్రం మూడింటికీ ఒక్క జేబులోంచే.

లైసెన్సుకు చట్టం అభయమిచ్చింది, కాదనను. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 13వ సెక్షను ప్రకారం ఒకచోట ఇచ్చిన లైసెన్సు దేశమంతటా చెల్లుతుంది. శ్రీకాకుళంలో ఎనిమిది వేసి నెగ్గినవాడు శ్రీనగర్‌లో ధీమాగా బండి నడపొచ్చు. ఎనిమిదికి భాషాభేదం లేదు కదా. కానీ చౌరస్తాలో ఆపిన కానిస్టేబుల్ సెక్షన్లు చదవడు, అక్షరాలు చదువుతాడు.

“ఏ ఊరు సార్ మీది?”

“ఇక్కడే, రెండు వీధులవతల.”

“మరి ఏపీ అని ఉందే?”

దీనికి జవాబు పార్లమెంటు దగ్గర్నుంచి మొదలెట్టాలి. వెనక హారన్లు మోగుతున్నాయి. విజయవాడలో చుట్టాలున్నారని ఒప్పేసుకుని బయటపడ్డాను.

యాభై నిండాక రెన్యువల్‌కి వెళ్తే, డాక్టరు సంతకంతో ఫారం 1-ఎ తెమ్మన్నారు. 25 మీటర్ల దూరం నుంచి, మంచి వెలుతురులో, ఈయన కారు నంబరు ప్లేటు పోల్చుకోగలడా అని అందులో ఒక ప్రశ్న. పోల్చుకోగలనండీ. ఆ రెండక్షరాలు ఏమిటన్నది మాత్రం ఏ సంవత్సరంలో అడుగుతున్నారో చూసుకుని చెప్తాను. మొత్తానికి అరవై దాకా నన్ను నమ్మారు.

అసలు ముచ్చట అల్లుడుగారి కారుది. బెంగళూరు నుంచి ఉద్యోగం మార్చుకుని, కేఏ నంబరు కారులో దిగారు. ఆయన లైసెన్సు ఎన్నేళ్లయినా ఇక్కడ చెల్లుతుంది. కారుకు మాత్రం 47వ సెక్షను గడువు పెట్టింది: 12 నెలలు దాటి ఉంచాలంటే ఇక్కడి నంబరు తీసుకోవాలి. అక్కణ్ణుంచి ఎన్‌వోసీ తేవాలి, ఇక్కడ మళ్లీ లైఫ్ ట్యాక్స్ కట్టాలి, అక్కడ కట్టినదాంట్లో మిగిలింది తిరిగిమ్మని అర్జీ పెట్టుకోవాలి. అత్తారింట్లో ఉండే అల్లుళ్లకు ఇలాంటి గడువు లేకపోవడం చట్టంలో లోపమని నేననను. అమ్మాయి వింటుంది.

అమెరికాలో ఉన్న మా తమ్ముడి కొడుకుతో ఫోన్లో ఈ గోడు వెళ్లబోసుకున్నాను. వాడు నవ్వాడు. అక్కడ రాష్ట్రం మారితే లైసెన్సే మార్చుకోవాలట. న్యూజెర్సీ 60 రోజులిస్తుంది, కాలిఫోర్నియా అయితే పదే పది. పది రోజుల్లో నేను గ్యాసు కనెక్షను మార్పించుకోలేను.

అల్లుడుగారి కారుకు పదకొండో నెల వచ్చింది. నిన్న టిఫిను దగ్గర ఆ మాటెత్తాను. ఆయన రెండో పెసరట్టు వడ్డించుకుంటూ, “చూద్దాం లెండి మావయ్యగారూ” అన్నారు.