రోషం ఉంటేనే సంచిక

ఏదో ఒకదాని మీద పిచ్చి ఉన్నవాళ్ళు ఐదుగురు ఒకచోట చేరితే, రెండో చాయ్ చల్లారేలోపు వాళ్ళకు పత్రిక పెట్టాలన్న ఆలోచన వస్తుంది. ముందు పేరు పెడతారు. తర్వాత లోగో గీయిస్తారు. వాట్సాప్‌లో ఒక గ్రూపు పుడుతుంది. ప్రధాన సంపాదకుడు, గౌరవ సంపాదకుడు, సంపాదక మండలి, సలహా మండలి అంటూ పదవులన్నీ పంచుకున్నాక చూస్తే, రాసేవాడు ఒక్కడూ మిగలడు. ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అన్న సామెత మన స్వచ్ఛంద పత్రికల కోసమే పుట్టిందేమో. ఆ ఐదుగురూ చేతిలో పట్టుకుని ఆడే గేముల అభిమానులైతే కష్టం ఇంకా ఎక్కువ. సినిమా అభిమానికి తెర చూస్తున్నంతసేపూ చేతులు ఖాళీగానే ఉంటాయి. వీళ్ళకు రెండు బొటనవేళ్ళకూ ఊపిరాడదు, కలం పట్టడానికి మూడో చెయ్యి లేదు. అయినా సరే వికారాబాదు, తాండూరు పట్టణాలకు కలిపి ఇలాంటి పత్రిక ఒకటి రావచ్చనీ, మొదటి సంచికతోనే ఆగిపోకుండా నడవవచ్చనీ నా వాదన. కాకపోతే దాన్ని ప్రేమ మీద నడపకూడదు. ఆట మీద ప్రేమ ఉన్నవాడు ‘సూపర్ అన్నా’ అని ఒక ముక్క పెట్టి పడుకుంటాడు. ఆట విషయంలో రోషం వచ్చినవాడు పడుకోడు. తెల్లారేసరికి పేజీన్నర రాసి పంపుతాడు.

దీనికి పెద్ద రుజువు మన తెలంగాణలోనే ఉంది. నిజాం రాజ్యంలో తెలుగు కవులే లేరని ఒక పండితుడు తేల్చేశారు. సురవరం ప్రతాపరెడ్డి 1926 నుంచి గోలకొండ పత్రిక నడుపుతున్నారు కాబట్టి, ఘాటుగా ఒక ఖండన వ్యాసం రాసి చేతులు దులుపుకుని ఉండవచ్చు. ఆయన అలా ఊరుకోలేదు. లేరన్న కవులను లెక్కపెట్టి చూపించే పనికి పూనుకున్నారు. 1934లో గోలకొండ కవుల సంచిక బయటికి వచ్చింది. లెక్క 354 మందికి తేలింది. ఉత్తరాలు తప్ప మరో దారి లేని రోజుల్లో, ఊరూరా చెదిరి ఉన్న కవుల వివరాలూ పద్యాలూ ఒక పుస్తకంలోకి చేర్చడం మాటలు కాదు. ‘మన ప్రాంత సాహిత్యాన్ని ప్రేమించండి, రచనలు పంపండి’ అని మర్యాదగా ప్రకటన వేసి ఉంటే ఎన్ని కవర్లు వచ్చేవో ఊహించుకోవచ్చు. ‘మీరు లేరట’ అన్న ఒక్క మాట చేసిన పని ఏ గౌరవ పారితోషికమూ చేయలేదు. కవులకు అభిమానం ఎక్కువ, మామూలు మనుషులు అలా ఉండరు అని ఎవరైనా అంటే, వాళ్ళు గేములు ఆడేవాళ్ళను దగ్గరి నుంచి చూడలేదన్నమాట.

1989లో నింటెండో కంపెనీ చేతిలో పట్టుకుని ఆడే గేమ్ బాయ్ యంత్రాన్ని తెచ్చింది. అమెరికాలో దాంతో పాటు టెట్రిస్ ఆట కూడా ఇచ్చారు. ఆ టెట్రిస్‌లో ఒక ఘోరం ఉండేది. స్విచ్చి ఆపగానే అప్పటిదాకా సాధించిన స్కోరు చెరిగిపోయేది. రాత్రంతా ఆడి రికార్డు కొట్టినా, పొద్దున చెబితే నమ్మేవాడు లేడు. కాబట్టి ఆటగాళ్ళు తెరను ఫొటో తీసి, రీలు కడిగించి, నింటెండో పవర్ అనే పత్రికకు పోస్టులో పంపేవారు. గేమ్ బాయ్ తెరకు సొంత వెలుగు లేదు. చీకట్లో ఫొటో రాదు, ఫ్లాష్ వేస్తే మెరుపు తప్ప మరేమీ పడదు. ఇంత ప్రయాస చిన్న అక్షరాల పట్టికలో తమ పేరు ఒక వరస చూసుకోవడానికి. ఆ పట్టికలో మాటిమాటికీ కనిపించిన పేర్లలో ఒకటి స్టీవ్ వోజ్నియాక్. అవును, ఆపిల్ కంపెనీ స్థాపించినవారిలో ఒకరైన ఆ వోజ్నియాకే. ఆయన పేరు వేసీ వేసీ విసిగి పత్రికవాళ్ళు ఇక వేసేది లేదన్నారట. అప్పుడు తన పేరు అక్షరాలను వెనక నుంచి ముందుకు రాసి, ఎవెట్స్ కైంజోవ్ అనే లేని మనిషిని పుట్టించి స్కోరు పంపానని తర్వాత ఆయనే చెప్పుకున్నారు. అదీ అచ్చయింది. ప్రపంచం ముందు కంప్యూటరు పెట్టిన మనిషే టెట్రిస్ పట్టికలో వరస పోతే ఊరుకోలేకపోయాడంటే, ఇంటర్ రెండో సంవత్సరం చదివే తాండూరు కుర్రవాడి సంగతి చెప్పేదేముంది?

ఇక మనకు కావలసిన రోషం ఈ రెండు ఊళ్ళ మధ్య నలభై కిలోమీటర్ల రైలుపట్టా పొడవునా దొరుకుతుంది. 2016 అక్టోబరు 11న కొత్త జిల్లా ఏర్పడినప్పుడు పేరూ, కేంద్రమూ వికారాబాదుకే దక్కాయి. 2011 జనాభా లెక్కల్లో పెద్ద ఊరు మాత్రం తాండూరు. వికారాబాదు వారికి రైల్వే జంక్షన్ ఉంది, అనంతగిరి ఉంది, మూసీ పుట్టిన చోటు ఉంది, క్షయరోగులకు ఆస్పత్రి కట్టేంత మంచి గాలి ఉంది. తాండూరు వారికి నాపరాయి ఉంది, సిమెంటు ఉంది, 2022 డిసెంబరులో భౌగోళిక గుర్తింపు పొందిన కంది ఉంది. మీరు నడిచే గచ్చూ మాదే, మీరు తినే పప్పూ మాదే అన్నది తాండూరు పక్షం. వచ్చి కలెక్టరాఫీసులో సంతకం పెట్టించుకుని పొండి అన్నది వికారాబాదు పక్షం. ఇంకో సంగతి. పద్దెనిమిదో శతాబ్దం చివర్లో సెనెఫెల్డర్ అనే జర్మనీవాడు రాతి పలక మీద రాసి అచ్చు తీసే లిథో పద్ధతి కనిపెట్టాడు. ఆ రాయి సున్నపురాయి. తాండూరు బండ కూడా సున్నపురాయే. ఈ ముక్క మొదటి సంచికలో వేస్తే, అచ్చు యంత్రం తమ ఊళ్ళోనే పుట్టిందని తాండూరు వారు రెండో సంచికకు వ్యాసం పంపుతారు. దాన్ని ఖండిస్తూ వికారాబాదు నుంచి ఉత్తరాలు వస్తాయి. మూడో సంచిక దానంతటదే నిండుతుంది. అచ్చుకూ గేములకూ ఏం సంబంధం అంటారా? పేజీలు నిండుతున్నప్పుడు సంపాదకుడు ఇలాంటి ప్రశ్నలు అడగకూడదు.

ఆటలకూ రైలుకూ మాత్రం గట్టి సంబంధమే ఉంది. బులెట్ రైల్లో విసుగెత్తిన ఒక ఉద్యోగి క్యాలిక్యులేటరు మీటలు ఊరికే నొక్కుతూ కూర్చోవడం చూసి, నింటెండో ఇంజినీరు గున్‌పే యోకోయికి చేతిలో పట్టే ఆట ఆలోచన వచ్చింది. 1980లో వచ్చిన గేమ్ అండ్ వాచ్ దాని ఫలితం. పొద్దున హైదరాబాదు వైపు పోయే రైల్లో సీజన్ టికెట్‌వాళ్ళను చూస్తే ఆ ఉద్యోగి వంశం ఎంత విస్తరించిందో తెలుస్తుంది. నలుగురు ఒకే ఫోన్ మీదికి వంగి లూడో కింగ్ ఆడుతుంటారు, నిలబడ్డ ఐదో మనిషి సలహాలు ఇస్తుంటాడు. ఆ ఐదో మనిషినే పట్టుకోవాలి. సలహా ఇచ్చేవాడిలో విమర్శకుడు ఉంటాడు. సంపాదకుడిగా మాత్రం ఈ రెండు ఊళ్ళవాళ్ళూ పనికిరారు. మధ్యలో ఉన్న ధారూరు నుంచి ఒకరిని తెచ్చుకోవాలి. ఇద్దరూ తిట్టే మనిషైతేనే ఇద్దరికీ సమానంగా న్యాయం చేయగలడు.

పని జరిగే పద్ధతిలోనూ రోషానికి చోటు ఉంచాలి. ఎ ఫోర్ కాగితం మధ్యకు మడిచి పిన్ను కొట్టే పుస్తకంలో పేజీలు నాలుగు చొప్పునే పెరుగుతాయి. పదమూడు పేజీల పత్రిక వేయడం ఎవరి తరమూ కాదు. పన్నెండుకు కుదించాలి, లేదా పదహారుకు సాగదీయాలి. స్వచ్ఛంద పత్రికలకు ప్రాణం మీదికి వచ్చేది ఇక్కడే. రాస్తానని ఒట్టేసినవాళ్ళలో ముగ్గురు ఆఖరి రాత్రి ఫోన్ ఎత్తరు. సంపాదకుడు ఆ మూడు పేజీల్లో సూక్తులు, సుడోకు, సొంత కవిత్వం నింపుతాడు, పాఠకుడు అక్కడితో పత్రికకు దండం పెడతాడు. నా సలహా, ఆ పేజీ ఖాళీగా వదిలేయండి. పైన వ్యాసం శీర్షిక, కింద రాస్తానన్నవారి పేరు, ఊరు. మధ్యలో తెల్ల కాగితం. ఇంకేమీ వద్దు. తిట్టవద్దు, వ్యంగ్యం వద్దు. తర్వాతి సంచికకు ఆ వ్యాసం గడువుకు వారం ముందే వస్తుంది. గడువు కూడా ఎవరి జన్మదినానికో పెట్టకుండా జాతరకు ముడిపెట్టాలి. కార్తీకంలో అనంతగిరి జాతర, వేసవిలో తాండూరు భద్రేశ్వరుడి జాతర. సంపాదకుడిని బతిమాలి తేదీ జరిపించవచ్చు గాని, రథం జరిపించలేరు. పైగా తొమ్మిది వేల తొమ్మిది వందల తొంభై తొమ్మిది ఆటలున్నాయని పెట్టె మీద రాసి, లోపల పదో పన్నెండో ఆటలు పెట్టి అమ్మిన ఇటుకల గేమును మనవాళ్ళు ఇలాంటి జాతరల్లోనే కొన్నారు. ఆ లెక్క సరిచూసే వ్యాసం ఒక్కటి చాలు, మొదటి సంచిక నిలబడుతుంది.

రోషం మీద నడిపితే గొడవలవుతాయి కదా అన్నది మొదటి అభ్యంతరం. అవుతాయి. పబ్జీవాళ్ళూ ఫ్రీ ఫైర్‌వాళ్ళూ పత్రిక లేకపోయినా కొట్టుకుంటూనే ఉన్నారు. 2020 సెప్టెంబరు 2న కేంద్ర ప్రభుత్వం పబ్జీతో కలిపి 118 యాప్‌లను ఆపింది. 2022 ఫిబ్రవరిలో ఫ్రీ ఫైర్ వంతు వచ్చింది. పబ్జీ స్థానంలో 2021 జులైలో వచ్చిన బీజీఎంఐ ఏడాది తిరిగేసరికి మాయమై, 2023 మేలో మళ్ళీ వచ్చింది. ఆటలు పోయాయి, వచ్చాయి, ఏది గొప్ప అన్న తగువు మాత్రం ఒక్కరోజు సెలవు తీసుకోలేదు. ఎలాగూ జరిగే తగువును అచ్చులోకి మళ్ళించడమే పత్రిక చేసే పని. అచ్చులో తిట్టాలంటే ముందు వాక్యం పూర్తి చేయాలి, తర్వాత సాక్ష్యం పెట్టాలి, కింద సొంత పేరు రాయాలి. ఈ మూడూ దాటేలోపు సగం కోపం చల్లారుతుంది, మిగిలిన సగమే చదవదగ్గది. కాగితం ఎందుకు, ఫోన్‌లోనే పెట్టుకోవచ్చు కదా అనేవారికీ సగం జవాబు ఇందులోనే ఉంది. ఒక్క ఉత్తర్వుతో ఆట పోయినప్పుడు అందులోని ర్యాంకులూ పోతాయి. నోకియా 1100లో పాము ఆట ఆడి మీరు తెచ్చుకున్న స్కోరు ఇప్పుడు ఎక్కడుంది? ఆ ఫోన్‌తో పాటే పోయింది. గోలకొండ కవుల పేర్లు ఇంకా ఉన్నాయి.

జిరాక్స్ పత్రిక నాసిగా ఉంటుంది, రంగుల్లో వేస్తేనే పిల్లలు ముట్టుకుంటారు అన్నది ఇంకో మాట. గేమ్ బాయ్ వచ్చిన ఏడాదే అటారీ కంపెనీ లింక్స్ అనే యంత్రం తెచ్చింది. దానికి రంగుల తెర, తెరకు సొంత వెలుగు. ఆరు బ్యాటరీలు మింగి నాలుగైదు గంటల్లో ఆరిపోయేది. యోకోయి బృందం చేసిన గేమ్ బాయ్ నాలుగు బ్యాటరీలతో, పచ్చగా వెలిసిన తెరతో, దానికి ఎన్నో రెట్ల సేపు నడిచింది. పాతబడి చౌకైన పరికరాలతోనే కొత్త ఆలోచన చేయాలన్నది ఆయన సిద్ధాంతం. తర్వాత వచ్చిన రంగుల రకంతో కలిపి గేమ్ బాయ్‌లు 11 కోట్ల 80 లక్షలకు పైగా అమ్ముడయ్యాయి. లింక్స్ ఏమైందో అడిగేవాడు లేడు. మన ఊళ్ళో పాతబడి చౌకైన పరికరం జిరాక్స్ మిషనే. అసలు ప్రమాదం డీటీపీ సెంటరులో ఉంది. ఫోన్‌లో యూనికోడ్‌లో టైపు చేసి పంపిన వ్యాసం అక్కడి అను ఫాంట్లలోకి అలాగే దించితే డబ్బాలూ ప్రశ్నార్థకాలూ వస్తాయి. పెళ్ళిళ్ళ సీజన్లో అయితే దాన్ని సరిచేసే తీరిక ఆపరేటరుకు ఉండదు, శుభలేఖల మధ్య మీ స్కోరు పట్టిక ఇరుక్కుపోతుంది. కాబట్టి ముహూర్తాలు లేని మూఢంలో అచ్చుకు ఇవ్వండి. పంచాంగం ఉన్నది అందుకే.

డబ్బిచ్చి రాయించుకోవచ్చు కదా అనేవారు, ముందు ఆ డబ్బు ఎక్కడిదో చెప్పాలి. గేముల పేరుతో ధారాళంగా ప్రకటనలిచ్చినవి రమ్మీ కంపెనీలు. తెలంగాణ 2017లోనే పైసలు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీని నిషేధించింది. 2025 ఆగస్టులో వచ్చిన కేంద్ర చట్టం డబ్బు పందెం ఉన్న ఆన్‌లైన్ ఆటలనూ, వాటి ప్రకటనలనూ దేశమంతటా ఆపేసింది. మంచిదే అయింది. డబ్బు తీసుకున్న రచయిత ఇచ్చిన డబ్బుకు సరిపడా రాస్తాడు. రోషం వచ్చినవాడికి అలాంటి కొలత లేదు, పేజీ చాలకపోతే అట్ట లోపలి వైపు కూడా అడుగుతాడు.

బలమైన అభ్యంతరం మాత్రం ఒకటుంది. ప్రేమతోనే నడిచిన పత్రికలు లేవా? ఉన్నాయి. ఇనుగుర్తి అనే పల్లెలో ఒడ్డిరాజు సోదరులు సీతారామచంద్రరావు, రాఘవరంగారావు 1922లో తెనుగు పత్రిక పెట్టి, రాయడం నుంచి అచ్చు పనిదాకా తామే మోశారు. అంతటి ప్రేమకు నేను నమస్కారం పెడతాను. కానీ మోసేది ఇద్దరైనప్పుడు ఆ ఇద్దరి ఓపికే పత్రిక ఆయుష్షు. కొన్నేళ్ళకు అది ఆగిపోయింది. ప్రవాస తెలుగువారు 1998లో మొదలుపెట్టిన ఈమాట పైసా ఆశించకుండా ఇప్పటికీ వస్తోంది కదా అంటే, అక్కడ వచ్చిన ప్రతి రచననూ వేయరు, సమీక్షకులు చూడాలి, దిద్దమంటే దిద్దాలి. తేలిగ్గా దొరకని చోట పేరు చూసుకోవాలన్న పట్టుదలను నేను ప్రేమ ఖాతాలో వేయలేను. నడిపేవారి ప్రేమతో తలుపు తెరుచుకుంటుంది, సరే. లోపలికి వచ్చేవాళ్ళను తెచ్చేది మాత్రం పట్టుదలే.

పిల్లలు చెడిపోతారని బెంగపడే తల్లిదండ్రులకు ఒక్క మాట. ఆడుతున్నవాడి చేతిలోంచి ఫోన్ లాక్కుంటే తలుపేసుకుంటాడు. ‘నువ్వు గెలిచానంటున్నది ఎవరూ నమ్మడం లేదు, రాసి చూపించు’ అంటే కాగితం కోసం ఇల్లంతా వెతుకుతాడు. అన్నట్టు, తాండూరులో రాసేవాళ్ళు లేరని నేనైతే అనను. వికారాబాదులో ఎవరైనా అలా అంటుంటే, జవాబు రాయాల్సింది తాండూరు వారు. కాగితానికి ఒక వైపే రాయండి, కింద పేరూ ఊరూ మరచిపోకండి.